చేపలు చచ్చిన చెరువు: ధర్నాకు ముందు చేయవలసిన పని

ప్రశ్న: మాది సంగారెడ్డి జిల్లాలో పారిశ్రామికవాడను ఆనుకొని ఉన్న ఊరు. అక్టోబరు మొదటి వారంలో రాత్రి పెద్ద వాన కురిసిన మర్నాడు, తెల్లవారేసరికి మా చెరువులో చేపలన్నీ చచ్చి కట్ట పొడవునా కొట్టుకొచ్చాయి. కాలుష్య నియంత్రణ మండలికి ఫోన్ చేస్తే మూడో రోజు ఇద్దరు వచ్చి తూము దగ్గర రెండు సీసాల నీళ్లు పట్టుకెళ్లారు. ఇంతవరకు జవాబు లేదు. ఎగువనున్న మందుల ఫ్యాక్టరీ వాన చాటున వదిలిన నీళ్లే కారణమని ఊరంతా అనుకుంటోంది. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ వాళ్లు మత్స్య సహకార సంఘానికి ఎంతో కొంత ఇస్తామని, ఒక కాగితం మీద సంతకాలు చేయాలని మధ్యవర్తులతో కబురు పంపారు. యువకులం గేటు ముందు ధర్నాకు కూర్చుందామని అనుకుంటున్నాం. చిక్కల్లా ఏమిటంటే మా అన్న అదే ఫ్యాక్టరీ ఈటీపీలో, అంటే వ్యర్థ జలాల శుద్ధి ప్లాంటులో, కాంట్రాక్టు కార్మికుడు. నేను ముందు నిలబడితే అన్న పని పోతుందని వదిన కన్నీళ్లు పెట్టుకుంటోంది. నన్నేం చేయమంటారు?

సమాధానం: ధర్నా చేయండి. అయితే ఇప్పుడే వద్దు, గేటు ముందు అసలే వద్దు. ఆ రెండింటికీ కారణాలు చెబుతాను గానీ, అంతకుముందు మీ లేఖలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన మాట గురించి చెప్పాలి. అది చేపల మాట కాదు, మూడో రోజు అన్న మాట. వాగు నీరు గానీ చెరువు నీరు గానీ పోలీసులు వచ్చేదాకా ఉన్నచోట ఉండే సాక్షి కాదు. పెద్ద వాన తరువాత అలుగు పారే చెరువులో మొదటి రాత్రి చేరిన విషం మూడో రోజుకు చాలా వరకు కిందికి పోయి ఉంటుంది, మిగిలింది పలచబడి ఉంటుంది. అధికారులు పట్టిన రెండు సీసాల పరీక్షా ఫలితం ‘పరిమితులకు లోబడి ఉంది’ అని వస్తే ఆశ్చర్యపోకండి. దాన్ని లంచం తిని రాసిన అబద్ధమని వెంటనే తీర్మానించకండి కూడా. మూడో రోజు నీటి గురించి అది నిజమే కావచ్చు. మొదటి రోజు నీటి గురించి మీ ఊరి దగ్గర ఏముంది అన్నదే అసలు ప్రశ్న. ఫోన్లలో తీసిన వీడియోలు తప్ప ఏమీ లేదని మీ లేఖను బట్టి నాకు అర్థమైంది.

వాన రాత్రినే ఎందుకు వదులుతారన్నది మీ అన్నకు నాకంటే బాగా తెలిసి ఉంటుంది. అయినా పాఠకుల కోసం చెబుతాను. మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీలో వ్యర్థ జలాలు రెండు రకాలుగా వస్తాయి. లవణాలు తక్కువగా ఉన్న నీటిని సూక్ష్మజీవులతో శుద్ధి చేయవచ్చు. లవణాలు, ద్రావకాలు (రసాయనాలను కరిగించడానికి వాడే ద్రవాలు) దండిగా ఉన్న నీటిని మాత్రం ముందు స్ట్రిప్పర్‌లో ద్రావకం తీసేసి, తరువాత ఎంఈఈ అనే వరుస బాష్పీభవన పాత్రల్లో మరిగించి, మిగిలిన ఉప్పు ముద్దను ప్రమాదకర వ్యర్థాల డంపింగ్ కేంద్రానికి పంపాలి. మరిగించడానికి ఆవిరి కావాలి, ఆవిరికి బొగ్గో మరో ఇంధనమో కావాలి. అంటే ఆ ప్లాంటు నడిచిన ప్రతి గంటా యాజమాన్యానికి ఖర్చే. నిల్వ ట్యాంకులు నిండిపోయి, పాత్రలు మరమ్మతులో ఉండి, బయట కుండపోతగా వాన పడుతుంటే, ప్రహరీ కింది వాననీటి కాలువలోకి ఒక వాల్వు తిప్పడం కొందరికి సులువైన దారిగా కనిపిస్తుంది. అన్ని ఫ్యాక్టరీలూ అలా చేస్తాయని నేను అనడం లేదు. చేసేవాళ్లు ఏ వేళలో చేస్తారో చెబుతున్నాను, ఎందుకంటే మీ ఊరు కాపలా కాయవలసింది ఆ వేళలోనే.

ఇక చేపల సంగతి. ఫ్యాక్టరీ తరఫు వకీలు మొదట చెప్పబోయే మాట మీరిప్పుడే తెలుసుకోవడం మంచిది: ‘వాన నీటితో మురుగు కొట్టుకొచ్చింది, మబ్బు పట్టి ఎండ లేక నీటిలో ప్రాణవాయువు తగ్గింది, చేపలు ఊపిరాడక చచ్చాయి, ఇది ప్రకృతి సహజం.’ ఈ వాదన పూర్తిగా కట్టుకథ కాదు. నాచు దట్టంగా పట్టిన చెరువుల్లో రాత్రంతా ప్రాణవాయువు ఖర్చవుతూ తెల్లవారుజాముకు బాగా అడుగంటుతుంది, అప్పుడు చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. లీటరుకు నాలుగు మిల్లీగ్రాముల ప్రాణవాయువైనా ఉంటేనే ఆ నీరు చేపల పెంపకానికి తగినదిగా మన ప్రమాణాలు లెక్కిస్తాయి. కాబట్టి మీ ఊరి బెస్తవారిని, ముదిరాజులను కూర్చోబెట్టి ఒక ప్రశ్న అడగండి: చచ్చినవాటిలో కొర్రమీను ఉందా? బొచ్చె, రోహు వంటివి మొప్పలతో మాత్రమే ఊపిరి తీసుకుంటాయి. కొర్రమీను నీటిపైకి వచ్చి గాలిని కూడా పీల్చుకోగలదు, అందుకే బురదలోనూ బతుకుతుంది. ప్రాణవాయువు మాత్రమే తగ్గి ఉంటే సాధారణంగా బొచ్చెలు పోతాయి, కొర్రమీను మిగులుతుంది. కొర్రమీను, కప్పలు, నత్తలు అన్నీ ఒక్కసారే పోయాయంటే నీటిలో మరేదో కలిసిందని అనుమానించడానికి బలమైన ఆధారం ఉన్నట్టే. ఇది తుది రుజువు కాదు. కానీ ఆ ఉదయం చేపలు ఏరినవాళ్లు తాము చూసింది చూసినట్టు, పేరు, తేదీ, వేలిముద్ర లేదా సంతకంతో రాసి ఇస్తే, ‘ఊరంతా అనుకుంటోంది’ అన్న మీ వాక్యం కంటే దాని విలువ ఎన్నో రెట్లు ఎక్కువ. జ్ఞాపకాలు పాతబడకముందే ఈ పని ఈ వారంలోనే పూర్తిచేయండి.

తరువాతి వానకు మీరు సిద్ధంగా ఉండాలి. సిద్ధమంటే నినాదాలతో కాదు, సీసాలతో. నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరు, ఆమ్ల, క్షార గుణాన్ని చూపే పీహెచ్ కాగితాలు చవకగా దొరుకుతాయి. నీటిలో ప్రాణవాయువు చూసే కిట్లు భీమవరం, కైకలూరు ప్రాంతాల్లో చేపలు, రొయ్యలు సాగుచేసే రైతులు నిత్యం వాడేవే, తెప్పించుకోవడం కష్టం కాదు. ప్రతి ఆదివారం ఉదయం ఒకే వేళకు నాలుగు చోట్ల కొలవండి: ఫ్యాక్టరీకి ఎగువన వాగులో, ఫ్యాక్టరీ కాలువ వాగులో కలిసేచోట, ఆ నీరు చెరువులోకి దిగేచోట, తూము దగ్గర. ఎగువ లెక్క లేకుండా దిగువ లెక్క ఎంత భయంకరంగా ఉన్నా నిలబడదు. మీ వాగు నీరు మొదటినుంచీ ఉప్పునీరేనని అవతలివాళ్లు అంటే మీ దగ్గర జవాబు ఉండదు. ఏమీ జరగని ఆదివారాల లెక్కలు కూడా రాయండి. ‘మామూలుగా ఆరేడు వందలుండే టీడీఎస్ ఆ రాత్రి ఇన్ని వేలకు ఎక్కింది’ అని చెప్పగలగాలంటే, మామూలు ఎంతో ముందే రాసి ఉండాలి కదా. పేజీలకు వరుస సంఖ్యలు వేసిన పొడుగు పుస్తకం ఒకటి కొని, కొలిచినవారు, పక్కన ఉన్నవారు ఇద్దరూ సంతకం చేయండి. కొట్టివేతలు ఉంటే చెరపకుండా పక్కన పొట్టి సంతకం పెట్టండి.

నీటికి రంగు, నురగ, ఘాటు వాసన కనిపించిన రాత్రి చేయవలసింది వేరు. గాలి బుడగ మిగలకుండా సీసాను అంచువరకు నింపి మూత బిగించాలి. ద్రావకాలు, నూనెలు ఉన్నాయనిపిస్తే ప్లాస్టిక్ సీసా పనికిరాదు, శుభ్రమైన గాజు సీసా కావాలి. సీసా మీద చోటు, తేదీ, గంట రాసి, ఐసు పెట్టెలో పెట్టి, గుర్తింపు పొందిన ప్రయోగశాలకు అదే రోజు చేర్చాలి. నీటిలోని సేంద్రియ మలినాలను కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులకు ఎంత ప్రాణవాయువు కావాలో చూసే బీఓడీ పరీక్ష ఆలస్యమైతే ఫలితం తారుమారవుతుంది. చచ్చిన చేపల్లో కొన్నిటిని ఐసులో భద్రపరిచి, మత్స్యశాఖ అధికారిని పిలిపించి పంచనామా రాయించాలి. ఫోటో తీసేటప్పుడు ఫోన్లో లొకేషన్ ఆన్‌లో ఉండాలి, వెనక ఫ్యాక్టరీ గోడో కరెంటు స్తంభం నంబరో పడాలి. అదే గంటలో మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఫోన్‌తో సరిపెట్టక ఈమెయిల్ కూడా పంపాలి. ఫోన్‌కు జాడ ఉండదు, ఈమెయిల్‌కు గంటా నిమిషంతో సహా ఉంటుంది.

ఇక్కడ ఒక చట్టపరమైన మెలిక ఉంది, అది తెలియక చాలామంది నిరుత్సాహపడతారు. 1974 నాటి జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం 21వ సెక్షన్ ప్రకారం, కోర్టు విచారణలో నమూనా ఫలితం చెల్లాలంటే దాన్ని మండలి అధికారి యజమానికి నోటీసు ఇచ్చి, రెండు భాగాలు చేసి, సీలు వేసి తీసి ఉండాలి. మీరు నింపిన సీసాకు ఆ హోదా లేదు. అయితే 2010 చట్టంతో ఏర్పడిన జాతీయ హరిత ట్రిబ్యునల్ సాక్ష్యాధారాల చట్టపు నియమాలకు కట్టుబడి ఉండనవసరం లేదని ఆ చట్టంలోని 19వ సెక్షనే చెబుతోంది. మీ పుస్తకం, మీ ప్రయోగశాల నివేదిక చూసి ట్రిబ్యునల్ ఒక నిపుణుల కమిటీని పంపితే చాలు, సీలు వేసిన సీసాల పని ఆ కమిటీ చేస్తుంది. మీ ఊరి పని తీర్పు చెప్పించడం కాదు, తలుపు తెరిపించడం.

ఆ తలుపుకు గడువుంది. వివాద పరిష్కారం కోరే దరఖాస్తును కారణం మొదట ఏర్పడిన రోజు నుంచి ఆరు నెలల్లోపు వేయాలి, తగిన కారణం చూపితే మరో 60 రోజులు ఇవ్వవచ్చు. నష్టపరిహారం కోరే దరఖాస్తుకు ఐదేళ్లు. అంటే అక్టోబరు మొదటివారం ఘటన మీద మీకు ఏప్రిల్ మొదటివారం వరకే నిశ్చింత. రెండు తెలుగు రాష్ట్రాలకూ చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనమే. పరిహారం కోరని దరఖాస్తుకు ఫీజు వెయ్యి రూపాయలు. వకీలు లేకుండా కూడా వాదించుకోవచ్చు గానీ, నా సలహా అడిగితే వద్దు. జిల్లా న్యాయసేవాధికార సంస్థను కలవండి, మహిళలకు, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు అక్కడ ఉచిత న్యాయసహాయం హక్కుగా దొరుకుతుంది. కాబట్టి దరఖాస్తుదారుల్లో మత్స్య సంఘపు మహిళలు ఉండడం అన్నివిధాలా మేలు.

ఈలోగా కాగితాలు తెప్పించుకోండి. ఫ్యాక్టరీకి మండలి ఇచ్చిన నిర్వహణ అనుమతి పత్రం, వాళ్లు సీఎఫ్ఓ అంటారు, మీ పోరాటానికి పునాది అదే. రోజుకు ఎన్ని కిలోలీటర్ల నీరు వాడాలి, ఎంత వ్యర్థ జలం రావాలి, అది ఎక్కడికి పోవాలి, శుద్ధి యంత్రాలకు విడి కరెంటు మీటరు, ప్రవాహ మీటర్లు ఉండాలా వంటి షరతులన్నీ అందులో ఉంటాయి. ఇలాంటి షరతుల రిజిస్టరును బాధితులు ఎవరైనా వెళ్లి చూసుకోవచ్చని అదే 1974 చట్టం 25వ సెక్షన్ చెబుతోంది, ఎవరి దయా అక్కర్లేదు. సమాచార హక్కు చట్టం కింద గత మూడేళ్ల తనిఖీ నివేదికలు, షోకాజ్ నోటీసులు, ఆన్‌లైన్ పర్యవేక్షణ మీటర్ల రీడింగులు, మీ చెరువులో పట్టుకెళ్లిన రెండు సీసాల ఫలితం అడగండి. ‘ఫ్యాక్టరీ కాలుష్యం గురించి సమాచారం ఇవ్వండి’ అని రాస్తే సమాధానం కూడా అలాగే గాలిలో వస్తుంది. ‘ఫలానా తేదీన ఫలానా చెరువు తూము వద్ద సేకరించిన నమూనా విశ్లేషణ నివేదిక నకలు’ అని రాయండి. 30 రోజుల్లో రాకపోతే మొదటి అప్పీలు వేయండి. వ్యాపార రహస్యమని తిరస్కరిస్తే, విస్తృత ప్రజాప్రయోజనం ఉన్నప్పుడు ఆ మినహాయింపు అడ్డురాదని చట్టంలోనే ఉన్న మాట గుర్తుచేయండి. పెద్ద ఫ్యాక్టరీలైతే కేంద్ర పర్యావరణ అనుమతి షరతుల అమలుపై ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి, అది కూడా తీయండి. ఈ కాగితాలు వచ్చాక లెక్క సరిపోల్చడం కష్టం కాదు: ఇంత నీరు లోపలికి వెళ్లింది, ఇంతే ఆవిరైంది, ఇంతే ట్యాంకర్లలో బయటికి పోయింది, మిగిలింది ఏమైంది? ఈ ఒక్క ప్రశ్నను ట్రిబ్యునల్ కమిటీ చేత అడిగించగలిగితే సగం దారి నడిచినట్టే.

ఇదంతా మా వల్ల అయ్యేదేనా అని మీకు అనిపించవచ్చు. మీ జిల్లాలోనే జరిగిన చరిత్ర చూడండి. పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల వ్యర్థాలతో నక్కవాగు పొడవునా పొలాలు, బావులు పాడయ్యాయి. దాని మీద 1990లో సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్ 2001లో హైకోర్టుకు, ఆ తరువాత హరిత ట్రిబ్యునల్‌కు బదిలీ అయి, 2017 అక్టోబరులో తీర్పుకు వచ్చింది. ఇరవై ఏడేళ్లు అంటే ఒక తరం. న్యాయం ఆలస్యమైందని మీరు కోపగించుకుంటే నేనూ మీతో గొంతు కలుపుతాను. కానీ ఆ మధ్యకాలంలో రైతులకు పరిహారం, బాధిత గ్రామాలకు మంచినీరు అంటూ వచ్చిన ఆదేశాలన్నీ ఆ ఫైలు బతికి ఉండబట్టే వచ్చాయి. పటాన్‌చెరులో వైద్యం చేస్తూ దశాబ్దాల పాటు ఈ సమస్యను వదలకుండా పట్టుకున్న డాక్టర్ అల్లాణి కిషన్ రావు వంటివారి బలం కూడా, రోగులను, ఊళ్లను దగ్గరగా చూసి మాట్లాడడంలోనే ఉంది.

అదే పటాన్‌చెరు ప్రపంచ పత్రికలకు ఎక్కింది ఒక సంఖ్య వల్ల. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రానికి దాదాపు 90 మందుల తయారీ యూనిట్ల వ్యర్థ జలాలు వచ్చేవి. శుద్ధి అయి బయటికి వస్తున్న నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రచురించింది. కొన్ని రకాల బాక్టీరియాను చంపే మోతాదుకు అది వెయ్యి రెట్లకు పైమాటే. అంతకుముందు ఆ చుట్టుపక్కల జనం వాసన గురించి, నురగ గురించి, చర్మవ్యాధుల గురించి గొంతు చించుకున్నప్పుడు పట్టించుకోనివాళ్లు కూడా ఆ సంఖ్యకు జవాబు చెప్పవలసి వచ్చింది. ఇందులో మీరు గమనించవలసిన మరో సంగతి ఉంది. మందుల ఫ్యాక్టరీల వ్యర్థ జలాల్లో యాంటీబయోటిక్‌లకు పరిమితులు పెడుతూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది గానీ, 2021లో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. కాబట్టి ‘పరిమితులకు లోబడి ఉంది’ అన్న నివేదిక చేతికొచ్చినప్పుడు, వాళ్లు వేటిని పరీక్షించారు, వేటిని పరీక్షించనేలేదు అన్నది మొదట చూడండి. పీహెచ్, సీఓడీ (మలినాల మొత్తాన్ని సూచించే రసాయన పరీక్ష) సరిగ్గా ఉన్నంత మాత్రాన ద్రావకాల గురించి, మందుల అవశేషాల గురించి ఆ కాగితం ఏమీ చెప్పినట్టు కాదు.

మీకు ధైర్యమిచ్చే తీర్పు కూడా ఒకటి మన గడ్డ మీదే పుట్టింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలను నిషేధిస్తూ 1996లో 111 జీవో వచ్చింది. ఆ పరిధిలో ఆముదం నూనె ఉత్పత్తుల ఫ్యాక్టరీ పెట్టుకుంటామన్న సంస్థకు, ఒక శాస్త్రవేత్త అఫిడవిట్ ఆధారంగా అప్పీలు అధికారి అనుకూలంగా తీర్పిచ్చారు. ఆ వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, 1999 జనవరిలో, కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ ఎం.వి. నాయుడు కేసులో హాని పూర్తిగా రుజువయ్యేదాకా ఆగకుండా ముందే నివారించాలన్న ముందుజాగ్రత్త సూత్రాన్ని కోర్టు వివరంగా చర్చించి, తన పని పర్యావరణానికి హాని చేయదని చూపించే బాధ్యత ఆ పని తలపెట్టినవారిదేనని చెప్పింది. ఆ 111 జీవో ఆంక్షలను తొలగిస్తూ ప్రభుత్వం 2022లో ఉత్తర్వు ఇచ్చింది, అది వేరే బాధ. తీర్పులోని సూత్రం మాత్రం చెక్కుచెదరలేదు. మీ దరఖాస్తులో దాన్ని తప్పక ఉటంకించమని వకీలుకు చెప్పండి.

డబ్బు తీసుకోవాలా వద్దా అన్నది మీరు నేరుగా అడగలేదు గానీ, ఊరు చీలేది అక్కడే. సంఘం సభ్యుల్లో అప్పు తెచ్చి వల కొన్నవాళ్లు ఉంటారు, ఈ సీజను పోతే ఇల్లు గడవనివాళ్లు ఉంటారు. వాళ్లు డబ్బు తీసుకుంటామంటే ‘అమ్ముడుపోయారు’ అన్న మాట మీ నోట రాకూడదు. నష్టానికి పరిహారం వాళ్ల హక్కు. నా అభ్యంతరమంతా ఆ కాగితం మీదే. అందులో ‘చేపల మరణానికి కంపెనీకి సంబంధం లేదు, భవిష్యత్తులో ఎక్కడా ఫిర్యాదు చేయము’ వంటి వాక్యాలు ఉంటాయి, మానవతా దృక్పథంతో సహాయం అని పైన రాసి ఉంటుంది. సంతకానికి ముందు ఆ కాగితాన్ని గ్రామసభలో గట్టిగా చదివించండి. మత్స్యశాఖ నష్టం అంచనా వేసి, కలెక్టరు లేదా ఆర్డీఓ సమక్షంలో, ఈ ఘటనలో పోయిన చేపల విలువకు మాత్రమే చెల్లింపు అని రాస్తే తీసుకోవచ్చు. ఫిర్యాదు హక్కు వదులుకునే ఒక్క వాక్యమున్నా తీసుకోవద్దు. దేవుడి గుడికి ఆర్చీ కట్టిస్తాం, యువజన సంఘానికి క్రికెట్ కిట్లిస్తాం అనే మాటలు కూడా త్వరలోనే వస్తాయి, వాటిని నవ్వి ఊరుకోండి.

మీకు నచ్చని మాట ఒకటి చెప్పక తప్పదు. మీ ఊరి మురుగు కాలువ ఎక్కడ కలుస్తోంది? ఆ చెరువులోనే అయితే, కోర్టులో మొదటి పేజీలోనే ఆ ఫోటో మీ ముందు పెడతారు. కోళ్లఫారాల చెత్త, కల్లుకాంపౌండు ప్లాస్టిక్ గ్లాసులు, పండుగనాటి రంగుల విగ్రహాలు కూడా. ఇవేవీ ఫ్యాక్టరీ తప్పును మాఫీ చేయవు, అయినా మీ వాదనకు చిల్లు పెడతాయి. పంచాయతీ చేత మురుగును మళ్లించే తీర్మానం చేయించండి, కనీసం పని మొదలుపెట్టండి. చెరువును కాపాడుకుంటున్నది ఎవరో చూపించుకోవడానికి అంతకు మించిన కాగితం ఉండదు.

ఇక ధర్నా విషయం. గేటు ముందు కూర్చుంటే మొదటి షిఫ్టుకు వచ్చేది యజమాని కాదు, మీ అన్న, అతని తోటివాళ్లు. వాళ్లకూ మీకూ మధ్య తోపులాట జరిగిన క్షణం నుంచి వార్త మారిపోతుంది: ‘కార్మికులు, గ్రామస్థుల ఘర్షణ’. కేసులు మీ మీద పడతాయి, చెరువు మాట ఎవరికీ గుర్తుండదు. పశ్చిమ గోదావరిలో తుందుర్రు ఆక్వా పార్కు (రొయ్యలు, చేపల శుద్ధి పరిశ్రమ) మీద ఆ చుట్టుపక్కల ఊళ్లు 2016 ప్రాంతంలో చేసిన ఉద్యమంలో ఆంక్షలు, అరెస్టులు ఎలా సాగాయో, ఆ పరిశ్రమ వ్యర్థాలు కలుస్తాయని భయపడిన గొంతేరు కాలువ గురించి ఆ జనం ఏమడుగుతున్నారన్నది ఎంత వెనక్కుపోయిందో మీరు చదివే ఉంటారు. మీ ధర్నా మండలి ప్రాంతీయ కార్యాలయం ముందు జరగాలి, పోలీసులకు ముందుగా రాసి ఇచ్చి జరగాలి, సమాచార హక్కు దరఖాస్తుకు గడువు ముగిసిన మర్నాడు జరగాలి. అప్పుడు మీరు ‘ఫ్యాక్టరీ మూసేయాలి’ అని కాక, ‘మా చెరువు నమూనా నివేదిక ఇవ్వాలి, ఫ్యాక్టరీ వాననీటి కాలువకు సీలు వేయాలి, వాన రాత్రుల్లో తనిఖీ బృందం రావాలి’ అని అడుగుతారు. ఒక అధికారి ఆ సాయంత్రంలోగా అవునో కాదో చెప్పగలిగిన కోరికలవి. అంతకుముందే సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకు ఇదే అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి, విలేకరులు అడిగితే చూపించడానికి చేతిలో అది ఉండాలి.

మీ అన్న గురించి. ఆయన చేత లోపలి ఫోటోలు, లాగ్‌బుక్ పేజీలు తెప్పించాలన్న ఆలోచన మీకు వచ్చే ఉంటుంది, మానుకోండి. దొరికితే దొంగతనం కేసు పెడతారు, ఉద్యోగం పోవడం దాని ముందు చిన్నదవుతుంది. ఆయన దగ్గరున్నది అనుమతి షరతుల్లో, తనిఖీ నివేదికల్లో, మీటరు రీడింగుల్లో ఎలాగూ ఉంది, దాన్ని చట్టం దారిలోనే బయటికి రప్పించవచ్చు. దరఖాస్తులు మీ పేరుతో కాకుండా మత్స్య సహకార సంఘం పేరుతో, గ్రామసభ తీర్మానంతో వెళ్లనివ్వండి. ఒక ఇంటిని వేలుపెట్టి చూపడానికి వీల్లేనప్పుడు ఒక కార్మికుడిని పనిలోంచి తీసేయడమూ అంత తేలిక కాదు. తేలిక కాదన్నాను గానీ జరగదనలేదు. కాంట్రాక్టు కార్మికుడిని తీసేయడానికి రేపటి నుంచి రావద్దన్న ఒక్క మాట చాలునని మీ వదినకు తెలుసు, ఆమె భయాన్ని పిరికితనం అనకండి. ఇంట్లో కూర్చుని ముగ్గురూ మాట్లాడుకోండి, ఆ ఉద్యోగం పోతే ఆరు నెలలు ఇల్లెలా నడుస్తుందో లెక్క వేసుకున్నాకే మీరు ఏ స్థానంలో నిలబడాలో నిర్ణయించుకోండి. వేదిక మీద మైకు పట్టుకునే పని మరొకరికి ఇచ్చి, పుస్తకం రాసే పని మీరు తీసుకోవచ్చు. ఆ పని ఎవరి కంటా పడదు, ఊరికి అవసరమైంది మాత్రం అదే.

మండలి ఒకవేళ తాత్కాలికంగా మూసివేత ఉత్తర్వు ఇస్తే అన్నలాంటివాళ్ల కూలి ఏమవుతుందన్నది కూడా మీ కోరికల పత్రంలో ఉండాలి. 1996 డిసెంబరు 30న తాజ్ ట్రెపీజియం (తాజ్‌మహల్ చుట్టుపక్కల పరిశ్రమల కాలుష్యం) కేసులో పరిశ్రమలను తరలించమన్న సుప్రీంకోర్టు, పని ఆగిన కాలానికి కార్మికులకు జీతం, తరలి వెళ్లేవారికి ఏడాది జీతంతో సమానమైన బోనస్ ఇవ్వాలని ఆదేశించింది. అది తరలింపు సందర్భం, మీది వేరు. అయినా ‘శుద్ధి వ్యవస్థ సరిచేసేంతవరకు పని నిలిపితే కాంట్రాక్టు కార్మికులతో సహా అందరికీ వేతనం చెల్లించాలి, ఈటీపీ, ట్యాంకుల శుభ్రత పనివారికి వైద్య పరీక్షలు చేయించాలి’ అని గ్రామసభ తీర్మానంలో రాయించడానికి ఆ ఉదాహరణ సరిపోతుంది. ఆ వ్యర్థ జలాల నుంచి వచ్చే విషవాయువులను మొదట పీల్చేది చేపలు కావు, మీ అన్న, అతని తోటి పనివాళ్లే. తీర్మానం ప్రతిని ఫ్యాక్టరీ కార్మిక సంఘానికి, సంఘం లేకపోతే షిఫ్టు బస్సు ఎక్కే నలుగురికి, మండలికి పంపడానికి ముందే చూపించండి. వాళ్లు దిద్దమన్న మాటలేమైనా ఉంటే దిద్దాకే సంతకాలకు పెట్టండి.